శ్వేతశునకీయము: టీకాతాత్పర్య సహితము

మూలం:

“ఒరిజినల్ రాజపాళయం. రాజుల కుక్క. ప్యూర్ బ్లడ్‌లైన్. ఫుల్ వైట్, పింక్ నోస్, గోల్డెన్ ఐస్. అపార్ట్‌మెంటుకు అనుకూలం. ఫ్యామిలీ ఫ్రెండ్లీ. నలభై రోజుల పిల్లలు రెడీ. ధర ఫైనల్, బేరాలొద్దు.”

అవతారిక. ఈ గద్యానికి కర్త ఎవరో తెలియదు. ఒక్క అక్షరం తేడా లేకుండా ఊరూరా ఫోన్లలో మోగుతోంది గనుక అపౌరుషేయమని ఒప్పుకోవలసిందే. పంపినవాళ్లంతా “చదువుకున్నవారు గదా, కొనొచ్చా చెప్పండి” అని అడిగారు. చదువుకున్నవాణ్ణి అడిగితే జవాబు రాదు, వ్యాఖ్యానం వస్తుంది. మెదక్ సీమకు చెందిన కొలిచలమ మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని రెండు ఒట్లు పెట్టుకుని కాళిదాసుకు సంజీవని రాశాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటాను. రెండోదాని సంగతి చూద్దాం.

ఒరిజినల్. సులభం.

రాజపాళయం. తమిళనాట విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న ఊరు. ఇదీ సులభమే. అయినా వదలబుద్ధి కాదు. ఊరిని ఆనుకునే సంజీవి కొండ ఉంది. హనుమంతుడు పర్వతం మోసుకుపోతుంటే ఊడిపడిన ముక్కేనని అక్కడివాళ్లు చెబుతారు. విజయనగరపు రోజుల్లో ఆంధ్రదేశం నుంచి దిగివచ్చిన రాజుల సంతతి అక్కడ ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన కుమారస్వామిరాజా ఆ ఊరివాడే, ఇంటిపేరు పూసపాటి. ఊరి నుంచి ఉత్తరంగా కాస్త దూరం పోతే శ్రీవిల్లిపుత్తూరు. అంటే ఆముక్తమాల్యద. శ్రీకాకుళాంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమంటే, కృష్ణరాయలు ఆరాశ్వాసాలు రాసింది ఈ శ్రీవిల్లిపుత్తూరు పిల్ల మీదనే. ఆ ఊరిని వర్ణిస్తూ రాయలు కొంగల్నీ బాతుల్నీ విడిచిపెట్టలేదు. వేదం వేంకటరాయశాస్త్రి గారు వ్యాఖ్య రాసి చెయ్యిపట్టుకు నడిపించకపోతే మనలో చాలామంది మొదటి ఆశ్వాసం చెరువుగట్టు దగ్గరే ఆగిపోయేవాళ్లం. అదీ వ్యాఖ్యానమంటే. చదివినవాడికి ఒక పక్షి కనిపించాలి, దాని ముక్కు కనిపించాలి, అది ఎందుకు అక్కడ నిలబడిందో తెలియాలి. ఇప్పటి ప్రకటన చదివితే కుక్క తప్ప అన్నీ కనిపిస్తాయి.

రాజుల కుక్క. షష్ఠీ తత్పురుషం. పూర్వపక్షి అంటాడు: పాలెగాళ్లు పందివేటకు పెంచిన కుక్క ఇది, ఇంగ్లీషు దండు గుర్రాల మీద పడిందని కథలున్నాయి, 2005 జనవరి 9న తపాలా శాఖ ముధోల్, రాంపూర్, హిమాలయ కుక్కలతో కలిపి దీనికీ స్టాంపు వేసింది, 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో పేరెత్తాడు, ఇంతకన్నా రాజసం ఏం కావాలి? కాదనను. అయితే శునక శబ్దానికి రాజసం కొత్తగా ఎవరూ అంటించనక్కర్లేదు. పాణిని కుక్కనూ యువకుణ్ణీ దేవేంద్రుణ్ణీ ఒకే సూత్రంలో కట్టిపడేశాడు. ముగ్గురి పేర్లూ ఒకేలా రూపం మారతాయి గనుక. ఇంద్రుడు కుక్క పక్కన నిలబడ్డానని అలిగిన దాఖలా లేదు.

ఇక మహాభారతం. నన్నయ ఆదిపర్వంలో కథ ఇంకా సరిగ్గా మొదలవకముందే ఒక కుక్కపిల్ల యాగశాలలోకి ఆడుకుంటూ వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్లు దాన్ని కొట్టి తరుముతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి సరమ ఊరుకోలేదు, నేరుగా రాజు ఎదుటికే వచ్చింది. నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు, నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీసింది. మంచీ చెడూ చూడకుండా దీనులకు కీడు చేసేవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి మాయమైంది. చక్రవర్తి భయపడ్డాడు. శాంతి చేయించడానికి తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. పద్దెనిమిది పర్వాల గ్రంథం గుమ్మంలో ఒక తల్లికుక్క ఫిర్యాదు పెట్టారు మనవాళ్లు. నేను ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఆగేది ఒకచోటే: సరమ అడిగింది క్షమాపణ కాదు, కారణం.

ప్రకటనలో తల్లి ఎక్కడుంది? తండ్రి ఫొటో ఉంటుంది, కప్పుతో, రిబ్బనుతో. తల్లి ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చూడాలి. పద్దెనిమిది నెలలు నిండని కుక్కను ఈనించకూడదు. వరసగా రెండు ఎదలకు దాటించకూడదు. బతుకు మొత్తంలో అయిదు కాన్పులకు మించకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. కాబట్టి కొనదలచినవారు మొట్టమొదట అడగవలసింది పిల్లను కాదు, తల్లిని చూపించమని. పొదుగు వేలాడి, వెన్నెముక తేలి, మనిషి చెయ్యెత్తితే చాలు మూలకు నక్కే తల్లి కనిపించిందా, సరమను తలచుకుని లేచి వచ్చెయ్యండి.

ప్యూర్ బ్లడ్‌లైన్. ఇక్కడ విరోధాభాసం. పిల్లకు సంబంధం చూస్తూ సగోత్రమని తెలియగానే తాంబూలం వదిలి లేచే పెద్దమనుషులే, కుక్కల దగ్గరికి వచ్చేసరికి అన్నాచెల్లెళ్లను జతకట్టి రక్తశుద్ధి అని మీసం దువ్వుతారు. ఉన్న కుక్కలే తక్కువ. ఆ తక్కువలో మళ్లీ దగ్గరివాటినే కలిపితే లోపాలు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పిల్లలో కూడుకుంటాయి. కెన్నెల్ క్లబ్ కాగితం చూపిస్తే అందులో మూడు తరాల పేర్లు చదవండి. ఒకే తాత రెండు పక్కలా కనబడితే, కాగితం అమ్మినవాడి గొప్ప కోసం కాదు, మీ జాగ్రత్త కోసం ఉందని గ్రహించండి.

ఫుల్ వైట్, పింక్ నోస్, గోల్డెన్ ఐస్. మూలకర్త ప్రాణమంతా ఈ పాదంలోనే ఉంది. అలంకారికులు దీన్ని స్వభావోక్తి అంటారు. నేనైతే నేరాంగీకారం అంటాను. ఈ జాతిలో నలుపూ గోధుమరంగూ మచ్చలూ ఉన్న పిల్లలు పుట్టేవి. తెలుపే కావాలన్న పట్టుదలలో వాటిని పుట్టగానే వదిలించుకునేవారని చెబుతారు. ఎంచి ఎంచి తెల్లనివాటినే నిలిపారు. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలిచెవిలోనూ ఉండి దాని రక్తప్రసరణను కాపాడతాయి. అవి అక్కడికి చేరకపోతే, పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే వినికిడి కణాలు చచ్చిపోతాయి. డాల్మేషన్లలోనూ ఇదే గొడవ. ఒక చెవి పోవచ్చు, రెండూ పోవచ్చు.

అమ్మేవాడు చప్పట్లు కొట్టి చూపిస్తాడు. అన్నీ తలెత్తుతాయి. ఆ పరీక్ష చెల్లదు. గుంపులో ఒకటి లేస్తే చూసి మరొకటి లేస్తుంది, నేల అదిరినా లేస్తుంది. నేను చూసిన ఈతలో, వెనక స్టీలు కంచం జారి పడితే నాలుగు పిల్లలు ఎగిరిపడ్డాయి. అయిదోది పాల మూతితో అలాగే నిద్రపోయింది. పక్కది దాని చెవి తొక్కినప్పుడు లేచి, అందరూ ఎటు చూస్తున్నారో అటు చూసింది. అయిదింటిలో మచ్చ లేని తెలుపు అదే. ఎక్కువ ధర పెట్టింది కూడా దానికే.

పింక్ నోస్ మీద ఒక ముక్క: రంగులేని ముక్కు ఎండకు కమిలిపోతుంది. మధ్యాహ్నం నీడ ఉండాలి.

అపార్ట్‌మెంటుకు అనుకూలం. శుద్ధ అతిశయోక్తి. భుజం దగ్గర రెండడుగుల పైన ఎత్తు ఉండే, చూపుతో వేటాడే కుక్క ఇది. దూరాన ఏదైనా కదిలితే పరుగు ముందు, పిలుపు వినడం తరవాత. వినగలిగితే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక దాని ఉద్యోగం పోయింది. ఆ ఊరి కొండలు 2021 నుంచి పులుల అభయారణ్యంలో ఉన్నాయి. ఉద్యోగం పోయింది గానీ కాళ్లు పోలేదు. రోజూ కంచె ఉన్న ఖాళీ జాగాలో విప్పి పరిగెత్తించగలిగినవాడికే ఈ కుక్క. మూడో అంతస్తు బాల్కనీలో గొలుసేసి, ఎదుటి డాబా మీది పావురాలను చూసి అది రోజంతా మొరుగుతుంటే మేనేజ్‌మెంటు కమిటీకి క్షమాపణ ఉత్తరాలు రాసుకునేవాడికి కాదు.

దీని నడుము చూసి చుట్టాలు “అన్నం పెట్టట్లేదా పాపం” అంటారు. పొట్ట లోపలికి లాగి, చివరి పక్కటెముకలు లీలగా తెలియడం దీనికి సహజం. ప్రబంధకవి చేతికి దొరికితే నడుము ఉందా లేదా అని సందేహాలంకారం వేసేవాడు. దయచేసి అలంకారం చెడగొట్టకండి.

ఫ్యామిలీ ఫ్రెండ్లీ. ఒక్క మనిషిని పట్టుకుని బతికే రకం. చిన్నప్పటి నుంచీ పదిమందికీ అలవాటు చెయ్యకపోతే ఆ ఒక్కడు తప్ప మిగతా కుటుంబం పరాయివాళ్లే. రాజపాళయం దగ్గరి ఛత్రపట్టిలో కట్లకు వాడే గాజుగుడ్డ నేస్తారు. కుక్కతో పాటు అదీ తెప్పించుకుంటే రవాణా కలిసొస్తుంది.

నలభై రోజుల పిల్లలు రెడీ. పాఠాంతరం లేదు, అన్ని ప్రతుల్లోనూ నలభయ్యే. నిబంధన ప్రకారం ఎనిమిది వారాలు నిండాలి, అంటే యాభై ఆరు రోజులు. ఆ మిగిలిన పదహారు రోజుల్లోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే తోడబుట్టినది ఏడుస్తుందో నేర్చుకుంటుంది, తల్లి చేత మందలింపులు తింటుంది. వాటిని కోసేసి అమ్మి, ఏడాది తిరిగాక కరిచిందంటే ‘దుష్టజాతి’ అంటారు. రోడ్డున వదిలేస్తారు. ఊళ్లో తెల్లగా, పొడుగ్గా, ఏ పిలుపుకూ తిరగని కుక్క రోడ్డు దాటుతూ కనబడితే, అది ఒకప్పుడు ఈ ప్రకటనే.

ధర ఫైనల్, బేరాలొద్దు. సరే, బేరం వద్దు. బేర్ టెస్టు అని ఒకటుంది: సన్నటి సూదితీగలు పెట్టి ఒక్కో చెవినీ విడిగా పరీక్షిస్తారు, అయిదారు వారాలు దాటితే చెయ్యొచ్చు. ఆ చీటీ ఏదీ?