రవ్వంత బాస్

కొన్నాళ్లుగా మా ఇంట్లో మృదంగం ఒక పక్కే మోగుతోంది. కుడిచేతి ‘నం’, ‘దిన్’ ముత్యాల్లా రాలుతాయి. ఎడమచేతి ‘తోం’ వంతు వచ్చేసరికి సబ్‌వూఫర్ గొంతు సవరించుకుంటుంది, అంతే. ఇళయరాజా పాట పెడితే బేస్ గిటార్ ఎవరో అప్పు తీసుకుపోయినట్టే. పోనీ పూర్తిగా మూగబోతే ఒక గొడవ వదిలేది. అలా పోదు. పొద్దున పలుకుతుంది, మధ్యాహ్నం వేడెక్కాక మానేస్తుంది, మెకానిక్ ఫోన్లో “ఇప్పుడెలా ఉంది సార్?” అని అడగ్గానే అద్భుతంగా మోగుతుంది.

జబ్బు సబ్‌వూఫర్‌ది కాదు, దాని ముందున్న క్రాసోవర్ పెట్టెది. అది చేసేది కండక్టర్ పని. 80 హెర్ట్జ్‌కి కిందివాళ్లని సబ్‌వూఫర్‌లోకి, పైవాళ్లని స్పీకర్లలోకి ఎక్కిస్తుంది. మా దాంట్లో ఉన్నది లింక్విట్జ్-రైలీ పద్ధతి. జీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ అని హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లిద్దరు వేసిన లెక్క అది, 1976 నుంచీ ప్రచారంలో ఉంది. ఆ లెక్క ఈనాటికీ చెక్కుచెదరలేదు. దాన్ని మోసే కెపాసిటర్లే ఎండిపోయాయి.

బాస్ పోయినప్పుడల్లా దాని బదులు ఒక ‘బుర్ర్’ మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫయర్ చేతిలో పడి అది రెట్టింపవుతుంది. అప్పుడు మిగిలే ఎగుడుదిగుళ్లని కెపాసిటర్లు చదును చెయ్యాలి. చెయ్యకపోతే 100 హెర్ట్జ్ శ్రుతి ఉచితం. డల్లాస్‌లో మా మేనల్లుడిది 60 హెర్ట్జ్ కరెంటు కాబట్టి అక్కడ ఇదే జబ్బు 120లో పలుకుతుంది. అంటే మన బుర్ర్ షడ్జమం అనుకుంటే అమెరికా బుర్ర్ సాధారణ గాంధారం, సరిగ్గా 6:5. ఇంత గొప్ప సంగతి దాచుకోలేక వాడికి ఫోన్ చేసి చెప్పాను. “మామయ్యా, ఇక్కడ రాత్రి రెండైంది” అన్నాడు.

అసలు మృదంగానికి ఈ తంటాలేవీ లేవు. కచేరీకి ముందు విద్వాంసుడు ఇంత బొంబాయి రవ్వ నీళ్లతో ముద్ద చేసి ఎడమ పక్క, తొప్పి మధ్యలో అంటిస్తాడు. తోలు బరువెక్కి శ్రుతి కిందికి దిగుతుంది. ఎక్కువైతే చిటికెడు గిల్లేస్తాడు, ఎండితే తడి అద్దుతాడు, అంతా అయ్యాక గీకి పారేస్తాడు. వారంటీ కార్డు లేదు. ‘ఆ మోడల్ రవ్వ ఆపేశారండి’ అనే మాట లేదు.

ఈ విద్య హై-ఎండ్ వ్యాపారుల కంట ఇంకా పడలేదు కాబట్టి బతికిపోయాం. పడితేనా! ‘రిఫరెన్స్ రవ్వ’ అని మఖమల్ సంచిలో వంద గ్రాములు వస్తుంది. ఆక్సిజన్ లేని రాగి తీగ అమ్మినవాళ్లకి ఆక్సిజన్ లేని రవ్వ ఒక లెక్కా? కలుపుకునే నీళ్లు విడిగా కొనాలి, అవి కూడా రాగి చెంబులోనే రావాలి. గోధుమ రవ్వలో నిండుదనం ఉందని ఒక వర్గం, కాదు ఇడ్లీ రవ్వలోనే గాయకుడి ఊపిరి వినిపిస్తుందని ఇంకో వర్గం, పెళ్లి భోజనాల్లో కూడా పక్కపక్కన కూర్చోరు. కొత్త రవ్వ వంద గంటలు నానితే గానీ అసలు గుణం బయటపడదని అమ్మినవాడు చెప్తాడు. అన్ని గంటలు నానితే పులుస్తుంది కదయ్యా అంటే, “అదేనండీ, వెచ్చదనం వచ్చిందన్నమాట” అంటాడు. కళ్లకు గంతలు కట్టుకుని ఏది ఏ రవ్వో చెప్పండి అంటే మాత్రం ఆ రోజు అందరికీ ఊళ్లో పనుంటుంది. ఇదంతా మా ఆవిడకి వివరించాను. “ఏవండీ, రేపు ఉప్మాకి ఉంచాను, ఆ డబ్బా జోలికి రాకండి” అంది.

నవ్వులకేం గానీ, నా మంటంతా సర్వీస్ సెంటర్ మీద. అక్కడి కుర్రాడు పెట్టె మూత కూడా తియ్యలేదు. బోర్డు మొత్తం మార్చాలన్నాడు, ఆ బోర్డు ఇప్పుడు రావట్లేదన్నాడు, కాబట్టి కొత్తది తీసుకోమన్నాడు. సర్క్యూట్ బొమ్మ అడిగితే ఇవ్వకూడదట. లోపల ఐసీల మీద నంబర్లు కూడా ఎవరికీ తెలియకుండా గీకేశారు. మా చిన్నప్పుడు చాలా వాల్వు రేడియోల వెనక అట్టకే సర్క్యూట్ బొమ్మ అతికించి ఉండేది. లక్షలు పోసి కొన్న సామాను నాదా, వాళ్లదా?

చివరికి కోఠీ గుజరాతీ గల్లీలో ఒకాయన మూత విప్పాడు. లోపలికి టార్చి కొట్టి, చూపుడువేలితో ఒక కెపాసిటర్ నెత్తి తడిమాడు. బల్లపరుపుగా ఉండాల్సింది పైకి ఉబ్బి, మీదున్న గాటు దగ్గర పగిలి, గోధుమరంగు మడ్డి కారి ఎండిపోయింది. “ఉబ్బినయ్ సార్. హీట్‌సింక్ పక్కకే పెట్టిండ్రు, ఆగుతయా మరి?” అన్నాడు. పది డిగ్రీల వేడి పెరిగితే వీటి ఆయుష్షు సగానికి పడిపోతుంది. మన ఎండాకాలం, దానికి తోడు హీట్‌సింక్! పాతవి పీకి కొత్తవి అతికించాడు. సామాను ఖర్చు నేను వెళ్లిన ఆటో ఖర్చంత కాలేదు.

ఇంటికొచ్చి పరీక్షకని టోన్లు వేశాను. 30, 40, 80 అన్నీ దిగాయి, కిటికీ రెక్కలు బదులు పలికాయి. ఆ ఊపులో పైకి పోయాను. 14 వేల దగ్గర నిశ్శబ్దం. ఇప్పుడు ట్వీటర్ పోయిందా భగవంతుడా అనుకుంటుండగా పక్కగదిలోంచి మా అమ్మాయి, “నాన్నా, ఆపు! చెవుల్లో గుచ్చుకుంటోంది” అని తలుపు వేసుకుంది. ట్వీటర్‌కి ఏమీ కాలేదు. చెవి వయసుతోబాటు పైనుంచి ఒక్కో మెట్టూ వదులుకుంటూ వస్తుందట. చిన్నపిల్లలకి 20 వేల దాకా వినబడేది, నా వయసుకి అందులో పై భాగమంతా ఉత్త గాలి. ఆ ట్వీటర్ల కోసమే పీఎఫ్‌లో డబ్బు తీశాను. కుర్రతనంలో వినగలిగినప్పుడు కొనలేకపోయాను, కొనగలిగేసరికి ఇదీ సంగతి. నాకు నికరంగా మిగిలింది ఆ కింది స్వరాలే. వాటి కోసం అంత గోల పెట్టానంటే పెట్టనా మరి?

మీ పెట్టె కూడా బుర్ర్‌మంటుంటే కొత్తది కొనేముందు ఒకసారి మూత తీయించండి. ప్లగ్గు పీకగానే లోపల చెయ్యి పెట్టకండి, పెద్ద కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా షాకు కొడతాయి. దుకాణంలో అడక్కపోతే 85 డిగ్రీలవి చేతిలో పెడతారు. 105 అని రాసి ఉన్నవే అడిగి తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు.