వచ్చిన నీళ్లకు లెక్కుంది, పోయినవాటికేదీ?

ఇప్పటి పిల్లలు పొద్దున లేస్తూనే ఫోన్ చూసి నిజాంసాగర్ మట్టం చెప్పేస్తారు. నిండితే 1405 అడుగులు, 17.8 టీఎంసీలని కంఠతా వచ్చు. మంచిదే. మరి ఆ నీళ్లు మన చందూర్ పొలాలకు ఎన్నడొస్తాయిరా అంటే ఫోనూ మాట్లాడదు, పిల్లగాడూ మాట్లాడడు.

మా రోజుల్లో లెక్క చెప్పేది లష్కరు. కాలువ గట్టు మీద సైకిల్, భుజాన తువ్వాల, చేతిలో తూము తాళం. నీళ్లు రాతి మీద ఏ గీత దాకా వచ్చాయో బడి పిల్లలకూ తెలిసేది. గీత దిగిందంటే ఆయన్నే నిలదీసేవాళ్లం. పైన ఎవడో తూము ఎత్తాడని తెలిస్తే కందీలు పట్టుకుని రాత్రికి రాత్రే గట్టు వెంట నడిచేవాళ్లం. నీళ్ల దొంగతనం అప్పుడు లేదని కాదు. దొంగెవరో ఊరందరికీ తెలిసేది.

చెరుకు కూడా మమ్మల్ని ఊరికే కూర్చోనివ్వలేదు. ఏడాదంతా నేలలో ఉండే పంట. ఎండాకాలం ఒక్క తడి తప్పినా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ తూకంలో బయటపడేది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు వానాకాలం వరే, యాసంగి వరే.

ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ 1923-31 మధ్య మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టించినప్పుడు అందులో 29 టీఎంసీలకు పైగా పట్టేవి. పారకం 2.75 లక్షల ఎకరాలన్నారు. ఒండ్రు పూడి సగానికి పైగా పోతే, గేట్లు పెంచి ఇప్పటి 17.8కి తెచ్చారు. ఎగువన సింగూరు వచ్చింది, దానితోపాటు హైదరాబాద్ దాహమూ వచ్చింది. ఇంకా ఎగువన, 2016 ఎండల్లో, లాతూరుకు తాగునీళ్లు రైల్లో తోలారు. అదీ మంజీర పక్క ఊరే! గోదావరి ముందు చిన్న నది గదా, అందరికీ అలుసే.

కొలతలు లేవని నేననను. బీదర్ జిల్లా సాయిగాం దగ్గర కేంద్ర జలసంఘం మంజీర ప్రవాహాన్ని కొలుస్తుంది. డ్యామ్ దగ్గర వచ్చేదీ కొలుస్తారు, వదిలేదీ కొలుస్తారు. ఆ తర్వాతే అంతా చీకటి. కాలువలో పైపు దించి మోటారు పెట్టినవాడు ఎంత తోడాడు? ఏటి ఒడ్డున ఎన్ని మోటార్లు నడుస్తున్నాయి? ఇసుక తవ్విన గుంతల్లో ఎన్ని నీళ్లు ఆగిపోయాయి? వీటిని అడిగితే, ఆన్‌లైన్‌లో చూసుకో పెద్దాయనా అంటారు. ఆన్‌లైన్‌లో ఉంటే నిన్నెందుకు అడుగుతాను?

సెన్సార్లు పెట్టండి, వద్దనేవాడెవడు? పెట్టేదేదో కాలువ చివర తూము కాడ కూడా పెట్టండి. సున్నా వస్తే సున్నాయే చూపించండి. దాని కింద ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా రాయండి. మా తూము లష్కరు రిటైరైనాక ఇంకొకరు రాలేదు. తిట్టడానికైనా ఒకడుండాలి గదా.