గండికోట ప్రయాణం, నాలుగో జ్వరం

గండికోటకు పోయి, లోయ అంచున గుడారం వేసుకుని, ఒక రాత్రి పడుకుని రావాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికి పుట్టిందో చెప్పక్కర్లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా చిన్నాయన కొడుక్కి. మా ఊరు సాదలిలో ఉండేవాళ్లకు ఆరుబయట పడుకోవాలన్న కోరిక పుట్టనే పుట్టదు. శనక్కాయ కాలంలో అడవి పందులకు కాపలా, కరెంటు అర్ధరాత్రి ఇస్తే మోటారు దగ్గర కాపలా, టమోటాకు రేటు పెరిగితే దొంగలకు కాపలా. చుక్కల కింద నిద్ర మా దగ్గర డ్యూటీ కింద లెక్క.

"చేన్లో పండుకోమంటే ముక్కుతారు. కడప జిల్లాలో బండ మీద పండుకోడానికి దుడ్లు పెట్టుకుని పోతారా?" అంది అవ్వ. ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

కొండలే కావాలంటే మాకేం కొదవ? ఇటు 1,478 మీటర్ల నంది, అటు స్కందగిరి, చింతామణి దారిలో కైలాసగిరి గుహలు, ఆ పక్క గుడిబండ కోట. కానీ నందికి ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు బైకులన్నీ బారులు తీరతాయి. మేఘాల కోసం పోతే మనుషులు కనబడతారు. స్కందగిరికి ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోవాలి, పైన గుడారం వేయనివ్వరు. అందుకని ఆ బెంగళూరు తమ్ముడు లోయ కావాలన్నాడు. ఫోన్లో గండికోట ఫొటో చూపించి, "పెదనాయనా, ఇండియా గ్రాండ్ కాన్యన్ ఇదే" అన్నాడు.

మా నాయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఎంత లోతు?"

"సుమారు మూడు నూర్ల అడుగులు."

"మన కొత్త బోరు వెయ్యిన్ని మూడు నూర్లు. దాన్ని చూడ్డానికి ఒక్కడన్నా వచ్చినాడా?"

అక్కడితో ప్రయాణం ఆగిపోయేదే. నిలబెట్టింది చిన్నాయన. ఆయన వాదన భూగోళం మీద నడిచింది. పెన్న పుట్టింది మన నంది కొండల వరసలో. గౌరిబిదనూరు దాటి, హిందూపురం మీదుగా పోయి, గండికోట దగ్గర కొండను కోసుకుని, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు అవతల సముద్రంలో పడుతుంది. చిత్రావతి మన జిల్లాలోనే పుట్టి, బాగేపల్లి పక్కన పోయి, పెన్నలో కలుస్తుంది. పాపఘ్ని కూడా ఇక్కడిదే, కలిసేదీ పెన్నలోనే. ముగ్గురు ఆడబిడ్డలూ పుట్టింట్లో చెంబెడు నీళ్లు పెట్టకుండా కడప జిల్లాకు కాపురానికి పోయారు. "పోయి ఒకసారి చూసి రావద్దా?" అన్నాడు చిన్నాయన. గండికోట జలాశయానికి గాలేరు-నగరి కాలువలో కృష్ణ నీళ్లు వస్తాయనీ, మా చెరువుల్లోకి బెంగళూరు మురుగు శుద్ధి చేసి పంపుతున్నారనీ నేను చెప్పబోయాను. ఆయన చేత్తో ఆపేశాడు. వాదన గెలుస్తున్నప్పుడు ఎవరికైనా వివరాలు గిట్టవు.

నిజానికి రాయి తేడా కోసమైనా పోవాల్సిన చోటు అది. మన నంది ఒకే ముద్దగా పొంగిన గ్రానైటు బోడిగుండు. అక్కడిది పొరలు పొరలుగా పేరుకున్న ఎర్రటి క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి గండికోట పేరే పెట్టి, చిత్రావతి పేరున్న శిలల సమూహంలో చేర్చారు. అంటే మన ఏటి పేరు అక్కడి రాళ్లకు ఇంటిపేరైంది. చిన్నాయనకు ఈ సంగతి చెప్పాక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

దారి విషయం మొదలయ్యేసరికి ఆడవాళ్లు రంగంలోకి దిగారు. బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, గండికోట: తమ్ముడి లెక్క ఇది. కదిరి మీదుగా పోతూ నరసింహస్వామిని చూడకుండా ఎట్లా అంది అమ్మ. కొడికొండ దాకా పోయి లేపాక్షి వదిలేస్తారా అంది పిన్నమ్మ. కదిరి దగ్గరే తిమ్మమ్మ మర్రిమాను ఉందని వదినకు గుర్తొచ్చింది. వేంపల్లి దగ్గర గండి ఆంజనేయస్వామికి మొక్కు బాకీ ఉందని అవ్వ బయటపెట్టింది. అక్కడ పాపఘ్ని కొండను చీల్చుకుని వస్తుంది కాబట్టి అదీ లోయే, అవ్వ మాట కొట్టేయడానికి లేదు. ఇద్దరు కుర్రాళ్ల బైకు ప్రయాణం ఈ విధంగా పద్నాలుగు సీట్ల టెంపో ట్రావెలర్ అయింది.

ఆన్‌లైన్లో తెప్పించిన గుడారం ముగ్గురికని డబ్బా మీద రాశారు. ఆ ముగ్గురూ ముద్ద తినేవాళ్లు కాకూడదు. మిద్దె మీద వేసి చూద్దామన్నాడు తమ్ముడు. కడ్డీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వంచాడు. ఒక కొస లేస్తే ఇంకో కొస పడింది. చివరికి నిలబడింది. తీరా మేకులు కొట్టబోతే కింద సిమెంటు. "గండికోటలో ఉండేది కూడా బండేరా, గూటం దిగదు" అని నాయన గుండ్రాళ్లు నాలుగు తెచ్చి, ఆవు పలుపుతో నాలుగు మూలలూ బిగించాడు. గుడారం కదల్లేదు. అది చూసి తమ్ముడు సుత్తి, మేకుల సంచీ వాపసు పంపేశాడు. అంచున కంచె లేదు కాబట్టి అవ్వను లోయకు వంద గజాల ఇవతల ఉంచాలన్నది ఒక తీర్మానం. రాగిపిండి, ఉలవలు, ముద్ద కెలికే కట్టె, నీళ్ల క్యాన్లు తేవాలన్నది ఇంకో తీర్మానం. ఈ రెండే ఏకగ్రీవం.

ఇక తేదీ. ఎండాకాలం ఆ బండ మీద నిలబడలేం కాబట్టి చలికాలమే అనుకున్నాం. చలికాలంలో ఏ వారం? శనివారం ఖాళీ అంటే మేం మేపే పట్టుపురుగులు మూడో జ్వరంలో, అంటే మేత మాని ఒళ్లు విడిచే మూడో నిద్రలో, ఉంటాయి. పై వారం నాలుగో జ్వరం లేస్తాయి. లేచాక వాటి ఆకలికి మల్బరీ ఆకు కోసి కోసి చేతులు పడిపోతాయి. ఆ తర్వాత గూళ్లు అల్లుకోడానికి చంద్రికలకు ఎక్కించాలి, గూళ్లు విప్పాలి, శిడ్లఘట్ట మార్కెట్‌కు వేయాలి. అవి తీరేసరికి కొత్త చాకీ పిల్లపురుగులు వస్తాయి. మధ్యలో ఆవులు పూటపూటకీ పాలు పిండమంటాయి, డెయిరీవాడు కాన్యన్ అంటే వినడు.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోట దాకా వచ్చి మీర్ జుమ్లాను కలిశాడని తమ్ముడు చదివి వినిపించాడు. "రోడ్లు లేని రోజుల్లో ఫ్రాన్సు నుంచి వచ్చినాడు. మనం బాగేపల్లి దాటలేమా?" అని దెప్పాడు.

"ఆయనింట్లో పురుగులు మేపుతున్నారేమో కనుక్కో" అన్నాడు నాయన.

అమెరికాలో అసలు గ్రాండ్ కాన్యన్ లోపల రాత్రి పడుకోవాలంటే నెలల ముందే పర్మిట్‌కు అర్జీ పెట్టుకోవాలట. మాకు ఆ పర్మిట్ ఇచ్చేది పురుగులు. వాటికి అర్జీ పెట్టే వీల్లేదు.

కాబట్టి చదువరులకు మనవి. సాదలి చుట్టుపక్కల నాలుగో జ్వరం లేచిన పురుగులకు వేళకు మేత వేసి, రెండు పూటలా నాలుగావుల పాలు పిండి డెయిరీకి పోయగల నమ్మకస్తులెవరైనా ఉంటే కబురు చేయండి. కూలి ఇస్తాం, భోజనం పెడతాం. పడుకోడానికి మిద్దె మీద గుడారం ఉంది, కట్టి పెట్టిందే.