నిలబడితే ఇరవైమూడు రూపాయలు

నా డ్యాష్‌బోర్డు పెట్టెలో అట్ట ఊడిపోయిన నోటుపుస్తకం ఒకటి ఉంది. మా సారు నన్ను ఇంటికి తెచ్చిన రోజు నుంచి నేను తిరిగిన ప్రతి కిలోమీటరూ అందులో రాసి ఉంది. తేదీ, ఊరు, బయలుదేరేటప్పుడు మీటరు, తిరిగొచ్చాక మీటరు, ఎక్కిన మనుషులు, పెట్రోలు ఖర్చు. చివర ఇంకో గడి. అదే దూరం బస్సుకు పోయుంటే ఎంతయ్యేదో అందులో రాస్తారు. అసలు ఆ గడి కోసమే సారు పుస్తకం మొదలుపెట్టారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. కారు కొనడం తప్పు కాదని అంకెలతో తేల్చుకోవాలని ఆయనకు గట్టిగా ఉండేది.

నేను మారుతి 800ని. 796 సీసీ, మూడు సిలిండర్లు, తెల్ల రంగు. 2005 నవంబరులో చిత్తూరులో రిజిస్టరయ్యాను కాబట్టి నా నంబరు ఏపీ 03తో మొదలవుతుంది. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఏపీ 39 చేసేశారు. నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పే రోజులు పోయాయి. అన్ని ఖర్చులూ కలిపి నేను రోడ్డు మీదికి వచ్చేసరికి సారుకు 2,20,000 అయింది.

మా ఇల్లు పూతలపట్టు క్రాసు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి. క్రాసులో నిలబడితే ఒక దారి చిత్తూరుకు, ఒకటి పాకాల పక్కగా తిరుపతికి, మూడోది పీలేరు మీదుగా కడప, కర్నూలుకు. ఊరికి రైలు స్టేషను కూడా ఉంది. తిరుపతి నుంచి కాట్పాడి పోయే ప్యాసింజరు ఆగుతుంది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు పక్కనే. అంటే బండి లేకపోతే బతకలేని చోటు కాదు మాది. క్రాసు దాకా చేరితే చాలు, బస్సుకు కొదవ లేదు. ఆ మూడు కిలోమీటర్లే ఇబ్బంది.

మొదటి పేజీలో సారు వేసిన లెక్క నాకు బాగా గుర్తుంది. తిరుపతి పోయి రావడానికి 110 కిలోమీటర్లు. కొత్తలో నేను లీటరుకు 18 ఇచ్చేదాన్ని. లీటరు పెట్రోలు యాభైకి అటూ ఇటూ ఉన్న రోజులు. మూడువందలతో నలుగురూ పోయి వచ్చేశారు. "చూస్తివా, నలుగురి టికెట్లకీ దీనికీ ఏమంత తేడా?" అని సారు పుస్తకం తిప్పి అమ్మకు, అంటే ఆయన భార్యకు, చూపించారు.

అమ్మ పుస్తకం వైపు చూడను కూడా లేదు. ఆమెవి రెండు జెర్సీ ఆవులు. పొద్దున సాయంత్రం పాలకేంద్రంలో పోసి, పదిహేను రోజులకొకసారి బిల్లు తీసుకుంటుంది. దాణా, ఎండుగడ్డి, సూదులు, ఈతకూ ఈతకూ మధ్య ఖాళీగా పోయే నెలలు, అన్నీ ఆమె నోటి మీదే ఉంటాయి. "మీ లెక్క పెట్రోలు బంకు కాడే నిలిచిపోయిందండీ. పాలు పిండిన రోజుకే దాణా లెక్క ఏసుకుంటే అన్ని ఆవులూ లాభమే. వట్టిపోయిన ఆవు కూడా మేత తింటాది గదా?" అనింది.

సారు నవ్వి ఊరుకున్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. ఆదివారం ఒక్కరోజు కదిలి ఆరు రోజులు చింతచెట్టు కింద నిలబడే దాన్ని నేను. ఆ ఆరు రోజులూ నా ఇన్సూరెన్సు కరుగుతూనే ఉంటుంది, బ్యాటరీ దిగుతూనే ఉంటుంది, టైరు రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది.

పదేళ్లు గడిచాక, 2015లో, చిత్తూరు నుంచి ఒకాయన నన్ను చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, బానెట్టు ఎత్తి, డెబ్భై వేలన్నాడు. సారు అమ్మలేదు గానీ ఆ రాత్రి చాలాసేపు నా లోపల లైటు వేసుకుని కూర్చున్నారు. రెండు లక్షల ఇరవైలో డెబ్భై పోతే లక్షా యాభై. పదేళ్లకు పంచితే ఏడాదికి పదిహేను వేలు. మొదటి ఏళ్లలో నేను ఏటా అయిదువేల కిలోమీటర్లు తిరిగితే పట్టిన పెట్రోలు పదమూడు, పద్నాలుగు వేలు. అంటే తాగిన పెట్రోలు కంటే, ఎవరి చేతికీ ఇవ్వకుండా, ఏ రసీదూ లేకుండా, నా విలువే ఎక్కువ పోయింది. అంత పెద్ద ఖర్చు పుస్తకంలో ఏ గడిలోనూ లేదు. సారు ఎర్ర ఇంకుతో ఇంకో గడి గీశారు. ఒక మనిషి పదేళ్లు నమ్మిన లెక్కను తన చేత్తోనే కొట్టేసుకోవడం నేను చూసింది అదొక్కసారే. అప్పటి నుంచి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బస్సులు, రైళ్లు, నేను, అందరం ఆగిపోయాం. బానెట్టు కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. ఒక్క కిలోమీటరు తిరగకుండా మెకానిక్కుకు పద్దెనిమిది వందలు, కొత్త బ్యాటరీకి మూడున్నర వేలు. ఆ నవంబరుకు నాకు పదిహేనేళ్లు నిండాయి. ఇంకో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఫీజు అప్పుడు ఆరువందలే. మరుసటి ఏడు పెట్రోలు వంద దాటింది.

అవ్వ సంగతి చెప్పాలి. సారు వాళ్లమ్మ బావి గట్టు దగ్గర జారి పడి తుంటి ఎముక విరిగింది. వేలూరు సీఎంసీలో ఆపరేషను. మా వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే. పూతలపట్టులో ప్యాసింజరెక్కితే కాట్పాడి, అక్కడ దిగి టౌను బస్సు పట్టుకుంటే ఆసుపత్రి గేటు. అవ్వ అక్కడున్నన్ని రోజులూ సారు, అమ్మ వంతులేసుకుని రైలుకే పోయారు. నా పెట్రోలు ముందు ఆ టికెట్టు లెక్కలోకే రాదు. నన్ను తీసింది ఒక్కరోజే, అవ్వను ఇంటికి తెచ్చిన రోజు. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టారు. చిత్తూరు దాటాక గుంత వచ్చిన ప్రతిచోటా సారు మొదటి గేరుకు దించారు. ప్రతి కుదుపుకూ అవ్వ పళ్లు బిగబట్టడం నా సీటుకు తెలుస్తూనే ఉంది. నా స్ప్రింగులు ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుండునని ఆరోజు అనుకున్నాను. ఆ రాత్రి పుస్తకంలో తేదీ, మీటరు, మనుషులు, పెట్రోలు అన్నీ రాశారు. బస్సు గడి ఖాళీగా వదిలేశారు. ఆ శరీరాన్ని ఏ బస్సు మెట్లూ ఎక్కించలేరు. ఎక్కించలేని దానికి టికెట్టు ధర ఎంతని రాస్తారు? తర్వాత చెకప్పులకు మూడుసార్లు కారులోనే పోయింది అవ్వ. నాలుగోసారి చేతికర్ర పట్టుకుని తనే రైలెక్కింది. చనిపోయేదాకా మళ్లీ నన్ను అడగలేదు.

ఇక 2025. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో నలుగుతున్న లెక్క ఆ ఆగస్టులో ఒక్కసారిగా తిరగబడింది.

ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. అదే రోజున దేశమంతటా సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది: అప్పటి ధర 3,000 కడితే జాతీయ రహదారుల మీద ఏడాదికి 200 సార్లు టోల్‌గేటు దాటొచ్చు. ఆ వారంలోనే ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు పదివేలని కేంద్రం ప్రకటించింది. నాకు ఆ నవంబరులో ఇరవై నిండబోతున్నాయి.

సారు పాసుతో మొదలుపెట్టారు. 200 సార్లు దాటేవాడికి ఒక్కో గేటు పదిహేను రూపాయలే. మేము తిరుపతి పోయేది నెలకు రెండుసార్లు. దారిలోని గాదంకి టోల్‌గేటు ఏడాదికి 48 సార్లు దాటేవాళ్లం. 3,000ను 48తో భాగిస్తే అరవైరెండున్నర. చౌక అనేది ఎక్కువ తిరిగేవాళ్లకే. ఆ పేజీ అంతటితో మూసేశారు.

అంతకు నెల ముందు అమ్మ తమ్ముడి కొడుకు డల్లాస్ నుంచి తిరుమల దర్శనానికి వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నాడు. పుస్తకం తిరగేసి, "మామా, మీరూ అత్తా ఇరవై ఏళ్లుగా పోట్లాడతా ఉండేది ఇదేనా? అమెరికాలో దీనికి గవర్నమెంటే రెండు రేట్లు పెట్టుంది" అన్నాడు. ఆఫీసు పనికి సొంత కారు వాడితే 2025లో పన్ను లెక్కకు మైలుకు 70 సెంట్లు. అందులో పెట్రోలు, ఇన్సూరెన్సు, విలువ తగ్గుదల అన్నీ ఉంటాయి. వైద్యం కోసం అదే కారులో పోతే మైలుకు 21 సెంట్లే. అది బండి కదిలితే అయ్యే ఖర్చు మాత్రమే. కారు ఒకటే, దూరం ఒకటే, రేట్లు రెండు.

ఆ రాత్రి సారు మాట్లాడలేదు. మర్నాడు కొత్త పేజీలో రెండు ప్రశ్నలు పక్కపక్కన రాశారు. ఈరోజు కారు తియ్యాలా? అసలు కారు ఉంచుకోవాలా? ఇన్నేళ్లూ ఆయన మొదటి ప్రశ్నకు జవాబు చెప్తూ వచ్చారు, అమ్మ రెండోదానికి. ఇద్దరి లెక్కా సరైనదే. ఒకే ప్రశ్న అనుకుని వాదించుకున్నారు.

ఆగస్టు చివర్లో కూర్చుని రెండింటికీ అంకెలు వేశారు. అప్పటికి నేను లీటరుకు 16 ఇస్తున్నాను, ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లు తిరుగుతున్నాను. లీటరు 110 చొప్పున పెట్రోలు 27,500. ఆయిలు, సర్వీసు అయిదువేలు. టైర్లు ఏడాది వాటాకు 2,400. కదిలితే అయ్యేది ఇంతే, కిలోమీటరుకు ఎనిమిది రూపాయల డెబ్భైమూడు పైసలు. కదిలినా కదలకపోయినా అయ్యేది వేరే: థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు జీఎస్టీతో 2,471, బ్యాటరీ వాటా వెయ్యి, పదివేల ఫీజును అయిదేళ్లకు పంచితే రెండువేలు, ఫిట్‌నెస్ కోసం చేయించాల్సిన అతుకులు, రంగు పదిహేను వేలను పంచితే మూడువేలు. మొత్తం 8,471. చింతచెట్టు కింద ఊరికే నిలబడినందుకు రోజుకు ఇరవైమూడు రూపాయలు. రెండూ కలిపితే కిలోమీటరుకు పదకొండుకు కాస్త తక్కువ. ఇక నా విలువ పడిపోవడమంటారా, పడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు తిరుపతి. సారు, అమ్మ, కొడుకు, కోడలు. బస్సు టికెట్టు లెక్క సులువుకు మనిషికి 90 పెట్టుకున్నారు. నలుగురికి రానూపోనూ 720. నేను కదిలితే 960, పైన టోలు, పార్కింగు. నిన్నటిదాకా ఆ రెండువందల నలభై తేడాను "పోనీలే, ఇంటి ముందు దిగుతాం గదా" అని సర్దుకునేవారు. ఆడవాళ్లిద్దరి టికెట్టూ పోయాక బస్సు ఖర్చు 360కి దిగింది. ఆ తేడాకు సర్దుబాటు మాట దొరకలేదు.

నా పక్క నుంచి పోయే ఆర్టీసీ బస్సును నేను చాలాసార్లు చూశాను. అది లీటరు డీజిలుకు అయిదు కిలోమీటర్లు పోతుంది. కానీ లోపల యాభైమంది. నేను ఒక్క సారును ఎక్కించుకుని లీటరుకు పదహారు పోతాను. నా మైలేజీ చూసుకుని గర్వపడిన రోజులున్నాయి నాకు. మనుషుల్ని లెక్కలోకి తెస్తే ఆ బస్సు ముందు నేను నిలవలేను.

సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అబ్బోడు కొత్త కారు అన్నాడు. సారు పుస్తకం తెరిచి చూపించారు: అయిదు లక్షల కారు పదేళ్లలో మూడున్నర లక్షలు పోగొట్టుకుంటే ఏడాదికి ముప్పైయైదు వేలు, నేను తాగే పెట్రోలు కంటే ఎక్కువ. అబ్బోడు చాలాసేపు ఆ పేజీ చూసి, "అయితే ఏదీ వద్దు నాయనా, దీన్ని కూడా తోలేద్దాం, అవసరమైతే టాక్సీ పిలుస్తాం" అన్నాడు. అదీ సరైన లెక్కే. నేను చింతచెట్టు కింద వింటున్నాను.

జవాబు చెప్పింది అమ్మ. ఇరవై ఏళ్లు నన్ను వట్టిపోయిన ఆవని అన్న మనిషి. "అవ్వని వేలూరు నించి తెచ్చిన పేజీ తియ్యండి" అనింది. సారు తీశారు. ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, "తిరుపతికి బస్సుకే పోదాం. దీన్ని ఇట్లాంటి రోజుకి ఉంచుదాం. రోజుకి ఇరవైమూడు రూపాయలు గదా, నేను పాల డబ్బుల్లో ఇస్తా" అనింది.

నవంబరులో పదివేలూ కట్టారు. ఫిట్‌నెస్ రోజున నా హెడ్‌లైట్లు, బ్రేకులు, పొగ చూసి ఇంకో అయిదేళ్లు రాసిచ్చారు.

మొన్న శనివారం పొద్దున ఆరింటికి అమ్మ, కోడలు ఎక్కారు. మూడు కిలోమీటర్లు నడిచి క్రాసులో నిలబడ్డాను. మంచు ఇంకా విడలేదు. చిత్తూరు నుంచి తిరుపతి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఇద్దరూ ఆధార్ కార్డులు చేత్తో పట్టుకుని ఎక్కారు. బస్సు పాకాల వైపు మలుపు తిరిగేదాకా చూసి, సారు స్టీరింగు మీద పుస్తకం పెట్టుకుని ఆరు కిలోమీటర్లని రాశారు. బస్సు గడిలో సున్నా, దాని పక్కన ఇంకో సున్నా వేసి, నన్ను ఇంటివైపు తిప్పారు.