వైట్‌ఫీల్డ్ సర్పగృహ సూత్రం: టీకాతాత్పర్య సహితం

మూలం: శీతకాలమందు సర్పగృహము వెచ్చగాను, చెమ్మగాను, వెలుతురుగాను ఉండవలెను.

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఒక్కడు కాడు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ టెక్‌పార్కు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో రెండో బెడ్‌రూమును పాములకు విడిచిపెట్టిన కుర్ర ఇంజినీర్లు, అతిథిని లోపలికి తీసుకెళ్లే ముందు గుమ్మంలో ఇచ్చే ఉపన్యాసాన్నంతా కాచి వడబోస్తే అడుగున తేలిన ముక్క ఇది. వాళ్లు మాత్రం ఇంత పొదుపుగా చెప్పరు. "పారామీటర్స్ మెయింటెయిన్ చేస్తున్నాం" అంటారు. పాముకు ఎలుకను వేస్తే అది ఫీడింగ్ ప్రోటోకాల్. పెంట తీస్తే స్పాట్ క్లీనింగ్. గదిని చేత్తో చూపించి "వైట్‌ఫీల్డ్‌లో ఆఫ్రికా" అంటారు. గోడ మీద మనిషి కంటికి సరిగ్గా అందే ఎత్తులో ఒక డిజిటల్ మీటరు ఉంటుంది. అందులో వెలిగే 28 డిగ్రీలను చూసి అతిథి తలాడించాలి. ఆ 28కి నాలుగడుగుల కింద, నేలకు దగ్గరగా ఉన్న గాజుపెట్టెలో పాము చలికి ముడుచుకుని పడుకుని ఉంటుంది. దాన్ని చూసి "ఎంత సాధువో" అని మెచ్చుకోవాలి.

మెదకు సీమ కొలచారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ప్రస్తుత టీకాకారుడు మొదటి నియమాన్ని పాటిస్తాడు. రెండోదాని విషయంలో మాత్రం పాఠకులు క్షమించాలి.

శీతకాలమందు. ఏ ఊరి శీతకాలం అని ప్రశ్న. ఒంగోలులో సంక్రాంతి చలి అంటే దుప్పటి ఒకటి అదనంగా కప్పుకోవడం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కూర్చున్న ఊరు. జనవరిలో మధ్యాహ్నం 27 డిగ్రీలు, తెల్లవారుజామున 15. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న. మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఇచ్చిన భూమిలో, ఆంగ్లో ఇండియన్ల కోసం వైట్ అనే దొర పేరిట 1882లో వెలసిన వైట్‌ఫీల్డ్‌కు అప్పటికి రెండేళ్లు. అక్కడి దొరలు ఏం కప్పుకున్నారో గాని, పాములకు హీటర్లు పెట్టినట్టు దాఖలా లేదు.

శంక: 15 డిగ్రీలకు మనకు స్వెటరు చాలుతుండగా పాముకింత ఆర్భాటమేల? సమాధానం: మనిషి తిన్న అన్నంతో లోపల తనే వేడి పుట్టించుకుంటాడు. స్వెటరు ఆ వేడిని పోనివ్వదు, అంతే. పాము వేడి పుట్టించుకోలేదు, బయటినుంచి తెచ్చుకోవాలి. కనుక పాముకు దుప్పటి కప్పితే లోపల ఉన్నది చల్లటి పామే. ఒళ్లు చల్లబడితే మింగిన ఎలుక అరగదు. రెండు రోజులకు కక్కేస్తుంది, లేదా అది కడుపులోనే కుళ్లుతుంది.

సర్పము. స్పష్టం.

వ్యాఖ్యాతలు తమకు చిక్కుపడే చోటల్లా ఈ మాట రాసి దాటిపోవడం కద్దు. ఇక్కడ అలా దాటడానికి లేదు. కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు లాంటి మన దేశపు పాములను ఇంట్లో పెట్టుకోవడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అందుకే ఈ గదుల్లో ఉండేది ఎక్కువగా పశ్చిమాఫ్రికా బాల్ పైతాన్, లేదా అమెరికా కార్న్ స్నేక్. బాల్ పైతాన్ అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక అది మన చట్టం నాలుగో షెడ్యూలులో చేరింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. "పేపర్లున్నాయా?" అని అడిగితే గుమ్మం ఉపన్యాసం చటుక్కున ఆగి, "బ్రీడర్ చూసుకుంటాడు" దగ్గరికి వస్తుంది. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి చేరిన పెట్టెల్లో కస్టమ్స్ వాళ్లకు 55 బాల్ పైతాన్లు, 17 రాచనాగులు, చచ్చిపోయిన ఆరు కపూచిన్ కోతులు దొరికాయి. ఆ పెట్టెల్లో పారామీటర్స్ ఎవరు మెయింటెయిన్ చేశారో అడగాలని ఉంది. సంస్కృతంలో పేరు పెట్టిన గదిలోకి సామాను పెట్టెలో వచ్చిన పాము ఉంటే, ఎన్ని మీటర్లు తగిలించినా ఆ గది గోదాములో భాగమే.

వెచ్చగాను. ఇది ప్రధాన పదం. దీని అర్థం రాసే ముందు, పాముల ఇంటికి వేడి పెట్టిన వాళ్లలో పురాతనుడైన ఉదంకుణ్ణి తలచుకోకపోవడం అపచారం. గురుపత్ని కోరిందని పౌష్యమహారాజు భార్య దగ్గర నుంచి కుండలాలు తెస్తుండగా నాగరాజు తక్షకుడు కాజేసి బిలంలో దూరాడు. ఉదంకుడు నాగలోకం దాకా తరిమి, ముందు స్తోత్రం చేశాడు. భారతం ఆదిపర్వంలో నన్నయ రాసిన ఆ నాగస్తుతి పద్యాలు తెలుగు విద్యార్థులకు నేటికీ కంఠస్థమే గాని, పాముల మీద మాత్రం పనిచేయలేదు. పాముకు బయటి చెవి లేదని టీకాకారుడు గుర్తుచేయదలచుకోలేదు. అప్పుడొక దివ్యపురుషుడు గుర్రాన్ని చూపించి, దీని ఒంట్లోకి ఊదు అన్నాడు. వ్యాసమూలంలో ఊదమన్న చోటు కుటుంబ పత్రికలో అచ్చు వేయదగింది కాదు. ఊదాడు. ఆ గుర్రం అగ్నిదేవుడు. రంధ్రరంధ్రం నుంచీ మంటలు, పొగ. నాగలోకమంతా నిండిపోయి, తక్షకుడు దగ్గుతూ వచ్చి కుండలాలు చేతిలో పెట్టాడు. దగ్గు అన్నది టీకాకారుడి పూరణం.

సాంకేతికంగా చూస్తే ఉదంకుడి ఏర్పాటులో వేడికి లోటు లేదు, ఆపే సాధనమే లేదు. ఆ లోపం అతనితో ఆగలేదు. అదే కోపంతో హస్తినకు పోయి జనమేజయుణ్ణి సర్పయాగానికి ఎగదోశాడు. వంశాలకు వంశాలు హోమంలో పడి కాలిపోయాక ఆస్తీకుడనే కుర్రాడు వచ్చి, చాలు, ఆపండి అని వరం అడిగితే గాని మంట ఆరలేదు. అప్పటికి తక్షకుడు ఆకాశంలో సగం దారిలో వేళ్లాడుతున్నాడు. ఆదిపర్వం మొత్తంలో థర్మోస్టాట్ అనదగినవాడు ఆస్తీకుడొక్కడే. అతని కథను ప్రతి హీట్ మ్యాట్ పెట్టెలో అచ్చేసి పెడితే బాగుండును. ఎందుకంటే వైట్‌ఫీల్డ్‌లో ఇప్పటికీ మ్యాటు తిన్నగా ప్లగ్గులో పెట్టి, థర్మోస్టాట్ కొనడం వచ్చే నెలకు వాయిదా వేసేవాళ్లున్నారు. అదుపు లేని మ్యాటు గాజును 40 దాటిస్తుంది. పాము దాని మీదే పడుకుంటుంది, చాలాసార్లు తప్పుకోదు. కడుపు కింద పొలుసులు కాలి నల్లబడ్డాక తెలుస్తుంది.

తాత్పర్యం చివర రాయడం ఆచారం. ఇక్కడే చెప్పేస్తే మంచిది: గది వెచ్చగా ఉండాలన్నదే తప్పు. బాల్ పైతాన్‌కు పెట్టెలో ఒక చివర 31, 32 డిగ్రీలు, రెండో చివర 25, 26 ఉండాలి. రెండు చివరలా దాక్కునే గూడు ఉండాలి. ఎప్పుడు ఎటు పోవాలో పాముకు తెలుసు. పడగ్గది హీటరు పెట్టి గదంతా 28 చేసినవాడు పాముకు ఎండా ఇవ్వలేదు, నీడా ఇవ్వలేదు. గోడమీటరులో అంకె మాత్రం దివ్యంగా కనిపిస్తుంది. ఒంగోలు నుంచి వచ్చిన తల్లి ఆ హీటరును చూసి, "ఏరా, మీ నాన్నకు కాళ్లు పీకుతున్నాయంటే కొననివాడివి, పురుగుకు కొన్నావా?" అన్నదంటే ఆవిడ ప్రశ్నలో న్యాయముంది. హీటరు పెద్దాయన దగ్గరికి పోవాలి. పాముకు చిన్న మ్యాటు, దానికో థర్మోస్టాట్, కొస మ్యాటుకే అతుక్కుని ఉండే సెన్సరు తీగ చాలు.

చెమ్మగాను. హీటరుకూ చెమ్మకూ పడదు. ఈ విరోధం ఉపన్యాసాల్లో వినిపించదు. తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని, చుక్క నీరు కలపకుండా 30 డిగ్రీలకు కాస్తే అదే గాలి 32 శాతానికి దిగిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు. వేడి గాలికి దాహం పెరిగింది. బాల్ పైతాన్‌కు కావలసింది 55 నుంచి 65 దాకా, కుబుసం విడిచే రోజుల్లో 70. పొడిగాలిలో కుబుసం ఒక్క మేజోడులా ఊడి రాదు. ముక్కలుముక్కలుగా చినిగి, తోక కొసన ఉంగరంలా మిగిలి బిగుసుకుంటుంది. కంటి మీది పొర ఊడకపోతే కన్ను మబ్బుపట్టినట్టు ఉంటుంది. పాముకు రెప్పలు లేవు, ఉన్నదల్లా ఆ పొరే.

ఇది తెలిసిన యజమాని ఫాగరు కొంటాడు. గదంతా కొడైకెనాల్. వీడియోకు ఎంతో బాగుంటుంది. అడుగున పరిచిన కొబ్బరిపొట్టు ముద్దయి, పాము పొట్ట కింద పొలుసులు పుండుపడతాయి. చల్లగా, తడిగా కలిసొస్తే ఊపిరితిత్తులకే చేటు. నోరు కొద్దిగా తెరిచి, ముక్కు దగ్గర బుడగలతో గుర్రుమంటుంటే అది బుస కాదు, న్యుమోనియా. చేయవలసిన పని పెద్దదేం కాదు. వెచ్చటి చివర ఒక వెడల్పాటి నీళ్లగిన్నె, తడిపి పిండిన నాచు నింపిన మూతడబ్బా, మూతకు ఒక కన్నం. పాము తనకు తానే దూరి కూర్చుంటుంది. ఇందులో చూపించడానికేమీ లేదు, అందుకే ఎవరూ చూపించరు.

వెలుతురుగాను. ఈ పదం దగ్గర టీకాకారుడికి కోపం వస్తుంది. ఊదారంగు ఎల్ఈడీ పట్టీలు పాము కోసం కావు. "వైట్‌ఫీల్డ్‌లో ఆఫ్రికా" అనేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఏమంటే, పశ్చిమాఫ్రికాలో బాల్ పైతాన్ పగలంతా ఉండేది ఎలుకబొరియల్లోనూ చెదపుట్టల్లోనూ. మన నాగులచవితి పుట్టే, అదీ చెదలు కట్టిందే. లోపల చీకటి, నిలకడైన వెచ్చదనం, ఎండిపోని చెమ్మ. నేల కింద నీటిజాడల మీద వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే రాశాడు, అందులో పుట్ట కూడా ఒక గుర్తు. వెలుతురు కావలసింది పగలు పగలులా, రాత్రి రాత్రిలా తెలియడానికి: ఇక్కడి శీతకాలంలో పదకొండు గంటల పైచిలుకు, తర్వాత నిండు చీకటి. కిటికీ పక్కన పెట్టె పెట్టి "నేచురల్ యూవీ" అనడం పనికిరాదు. అందులో పనికొచ్చే యూవీబీని కిటికీ అద్దమే దాదాపు ఆపేస్తుంది, లోపలికి వచ్చేది ఎక్కువగా పెట్టెను ఉడికించే ఎండే. ఈ పదానికి ఇంతే.

ఉండవలెను. ఎవరు చూసుకోవలెను అన్నది సూత్రకారుడు చెప్పలేదు. బెంగళూరులో చలి ముదిరే రోజులూ, వైట్‌ఫీల్డ్ తెలుగువాళ్లు సంక్రాంతికి ఊరెళ్లే రోజులూ ఒకటే. యజమాని విజయవాడ బస్సులో కూర్చుని ఫోన్లో యాప్ చూసుకుంటాడు, 31. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. "అన్నా, రోజూ మీటరు ఫోటో పెట్టు." వాచ్‌మన్ పెడతాడు, ఆ ఫోటోలో గోడ ఉంటుంది. ఈలోగా సెన్సరు తీగ మ్యాటు మీదినుంచి జారి చల్లటి చివర పడిందనుకుందాం. చలిగా ఉందని థర్మోస్టాట్ మ్యాటును వదలకుండా కాలుస్తుంది. ఆస్తీకుడు ఉన్నాడు గాని, నిలబడాల్సిన చోట లేడు. కరెంటు పోతే మరొకటి: నాలుగు గంటల్లో పెట్టె గదంత చల్లబడుతుంది. బాల్ పైతాన్ వారాల తరబడి తిండి లేకుండా ఉండగలదు. తిండి పెట్టి చలిలో వదలడమే ముప్పు. కాబట్టి ఊరెళ్లే ముందు వారం పది రోజులు ఎలుక వేయకూడదు, నీళ్లగిన్నె నింపాలి, తీగను టేపుతో అతికించాలి. వాచ్‌మన్ చేతికి గోడమీటరు పని కాకుండా, మ్యాటు మీద పెట్టి చూసే వంద రూపాయల థర్మామీటరు ఇచ్చి, 34 దాటితే ప్లగ్గు పీకెయ్యమని హిందీలో కాగితం రాసివ్వాలి. ఆ కాగితంలో పారామీటర్ అన్న మాట ఉండకూడదు.