‘ఏం గాదు తియ్ తమ్మీ’: సటీకా తాత్పర్యము

అవతారిక

మల్లినాథ సూరి మెతుకుసీమ కొలిచారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీక రాశాడు. నేను మందమర్రిలో చాయ్ హోటలు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పక్క బల్ల వాళ్ళ మాటలు కూడా చెవిన పడుతుంటాయి కనుక ఆ ఒట్టు నా వల్ల కాదు.

సందర్భమేమనగా: కేకే-5 బొగ్గుబాయి మొదటి షిఫ్టు వదిలింది. ఇద్దరు నడిచి వస్తున్నారు. ఒకడికి పాతికేళ్ళుంటాయి. నాయన అన్‌ఫిట్ అయితే వచ్చిన నౌకరి. బండి కిస్తీ, చెల్లె పెండ్లి అప్పు, పడ్డ నాగాలు, రాని నిద్ర, అన్నీ గేటు నుంచి హోటలు దాకా ఏకరువు పెట్టాడు. రెండో ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. మధ్యలో రెండే ప్రశ్నలు వేశాడు. “కిస్తీలు ఎన్ని మిగిలినయ్?” “పద్నాలుగు.” “నాగాలు?” “నాలుగు.” కాసేపు మాట్లాడలేదు. హోటలు మెట్టు ముందు ఆగి సెలవిచ్చాడు.

మూలము

“ఏం గాదు తియ్ తమ్మీ, చాయ్ తాగుదాం పా.”

ప్రతిపదార్థము

ఏం గాదు: ‘కాదు’ అన్నది ‘గాదు’ అయింది. చిన్నయసూరినడిగితే గసడదవాదేశం అంటాడు. హోటలాయననడిగితే “నోరు అట్లనే తిరుగుతది” అన్నాడు. రెండూ ఒప్పే. చిక్కంతా అర్థంలో ఉంది. ‘నీకేమీ జరగదు’ అని కొందరు అర్థం చెబుతారు. ఫోన్లలో పొద్దున్నే ఆత్మవిశ్వాసం బోధించేవారిది ఈ మతం. ఇది ఖండనీయం. ఏలయనగా, బొగ్గుబాయిలో ముప్ఫయ్యేళ్ళు చేసినవాడు ఏమీ జరగదని ఎన్నడూ అనడు. నెత్తి మీద రాయి, చుట్టూ పాతిక కోట్ల ఏండ్లు పైబడిన అడవి బొగ్గై కూర్చుని ఉంటుంది. గాలిలో మీథేన్ నూటికి అయిదు నుంచి పదిహేను పాళ్ళు కలిసిందా, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను పైన విడిచే దిగాలి. (పట్నంలో రెండు రోజులు ఫోను గుంజుకుని వేలు వసూలు చేసే శాంతి శిబిరాలున్నాయట. ఇక్కడ షిఫ్టుకు ఎనిమిది గంటలు, ఎదురు జీతమిచ్చి.)

మరి ఈ ‘ఏం గాదు’ దేని బలం మీద? నేరుగా ఆయననే అడిగాను. చెప్పలేదు, చూపించాడు. చక్కెర డబ్బాలోని చెంచా తీసుకుని హోటలు గోడకు ఎడమ అరచెయ్యి ఆనించి, పక్కన చెంచాతో తట్టాడు. ఖణ్ మంది. జానెడు జరిగి, చెమ్మకు గచ్చు ఉబ్బిన చోట తట్టాడు. డొల్లగా పలికింది. “చెవి కన్నా ముందు చెయ్యికి తెలుస్తది సారూ,” అన్నాడు. బాయిలో రూఫ్‌ను అట్లాగే రాడ్‌తో తట్టి చూస్తారు. డొల్ల పలికితే దించేస్తారు, లేదా బోల్టు కొట్టి బిగిస్తారు. గట్టిగా పలికితేనే కింద నిలబడతారు. కాబట్టి ‘ఏం గాదు’ అనగా ‘తట్టి చూసిన, నిలబడొచ్చు’ అని భావము. దారిలో వేసిన ఆ రెండు ప్రశ్నలూ ఆ రాడ్ దెబ్బలే. కిస్తీలు పద్నాలుగంటే ఏడాదీ రెణ్ణెల్లు, దానికో చివర ఉంది. నాగాలు నాలుగంటే, బాయిలో దిగేవాడికి సెలవుల లెక్కకు ఏడాదికి పడాల్సిన 190 మస్టర్ల హాజరుకు ఇంకా ఢోకా లేదు. నిద్ర సంగతి మాత్రం ఆయన తట్టలేదు. అది డొల్ల అని తెలిసే వదిలాడేమో!

తట్టి చూడనివాడు ఈ మాట అంటే ప్రయోగదోషం. ఆఫీసు కుర్చీలోంచి అంటే మరీ దోషం.

తియ్: ‘చ, వై, తు, హి’ లాగా పాదపూరణానికి వచ్చిందని ఒక పక్షం. కాదు. క్రియకు కర్మ లోపించింది. దేన్ని తియ్యాలి? ఏది బరువైతే దాన్ని. ల్యాంపు రూములో ల్యాంపు అప్పగించి, బెల్టు విప్పి, టోపీ తీసి వచ్చిన మనిషికి ఇంకా తీయవలసింది ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

తమ్మీ: సంబోధన. వరుస కలవదు, వాకబు చేశాను.

చాయ్: ‘తేనీరు’ అని నిఘంటువు. దాన్ని మందమర్రిలో తాగినవాడు లేడు. అల్లం దంచి వేసి, సగం గ్లాసుకు పోసేది చాయ్. ఆ పిల్లవాడు గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు. స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచుల్లో బొగ్గు మిగిలి, కాటుక పెట్టిన పెండ్లికొడుకులా ఉన్నాడు. మొదటి గుక్కకు కళ్ళు మూశాడు. ఆనందమనే మాటకు ఇంతకన్నా లక్షణం చెప్పడం లాక్షణికుల వల్ల అవుతుందేమో, నా వల్ల కాదు.

తాగుదాం: ‘తాగు’ అనలేదు, గమనించవలెను. ‘తాగు’ అంటే వైద్యం, ‘తాగుదాం’ అంటే సోపతి.

పా: ‘పద’కు వికృతి. ‘దా’ అని పాఠాంతరం. అప్పటికే బల్ల మీద కూర్చున్నవాడు ‘దా’ అంటాడు, పక్కన నడిచేవాడు ‘పా’ అంటాడు. ఇచట ‘పా’యే గ్రాహ్యము.

విశేషము

ఈ సీమలో బాయిల పేర్లు చూడండి: కల్యాణిఖని, శాంతిఖని, రవీంద్రఖని. పెట్టినవాడెవరో గాని కవిహృదయుడు. జనం వాటిని కేకే, ఎస్కే, ఆర్కే చేసేశారు. ‘శాంతిలో పని చేసి వస్తున్న’ అని ఎవరూ అనరు. ‘ఎస్కేల ఫస్ట్ షిఫ్ట్’ అంటారు. మందమర్రిలో నిలబడి శాంతి ఎక్కడ దొరుకుతుందని అడిగి చూడండి, బెల్లంపల్లి ఆటో ఎక్కిస్తారు. ఇది శ్లేష కాదు, రోజువారీ ప్రయాణం.

తాత్పర్యము

బరువుతో ఉన్న చిన్నవాణ్ణి పెద్దవాడు చాయ్‌కి పిలిచెను. చిన్నవాడు వెళ్ళెను. రెండో చాయ్ కూడా చెప్పిరి. లేచేటప్పుడు ఆ పిల్లవాడు గోడకు అరచెయ్యి ఆనించి చెంచాతో ఒకసారి తట్టి చూసుకొనెను. హోటలాయన “సున్నం రాలుతది రా,” అని కసిరెను.

పైసలు ఎవరిచ్చారన్నది మూలంలో లేదు. కనుక రాయను.