‘నేమ్=రవి’కి టీకా తాత్పర్యము

మూలము: నేమ్=రవి

అవతారిక: బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ కూర్చగా, 1979లో ఏడవ యూనిక్స్‌తో వెలువడిన, మనం కొట్టే ఆదేశాలను చదివి నడిపే షెల్లు అనే ప్రోగ్రాములోనిది ఈ పంక్తి. కార్న్, బ్యాష్, జడ్‌షెల్ మొదలైన ఆ వంశీకులందరికీ ఇదే ప్రమాణ పాఠము.

ప్రతిపదార్థము: నేమ్ = నేమ్ అను చరరాశికి; రవి = ‘రవి’ అను విలువను; ‘=’ = ఇచ్చుచున్నాను. (వీటిలో ఏ ముక్కనూ టెర్మినల్‌లో కొట్టరాదు. టీకాకారులు సమాన చిహ్నానికి అటూ ఇటూ స్పేసు వదులుతారు. షెల్లు సహించదు.)

పదచ్ఛేదము: చేయరాదు.

తాత్పర్యము: వ్యాఖ్యాత ఎవరైనా ముందు పదాలు విడదీస్తాడు. షెల్లూ అంతే. స్పేసు కనబడినచోటల్లా పంక్తిని విరిచి, మొదటి పదాన్ని ఆదేశంగా, మిగిలినవాటిని ఆ ఆదేశానికి ఇచ్చే సరంజామాగా ఎంచుతుంది. ‘నేమ్ = రవి’ అని విడివిడిగా రాశామా, బ్యాష్ నేమ్ అనే ప్రోగ్రామును వెతకబోయి, దొరకక, ‘నేమ్: కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. మన ఆలంకారికులు విసంధిని కావ్యదోషాల్లో ఒకటిగా లెక్కవేసి ఊరుకున్నారు. బోర్న్ మతంలో అది ప్రాణాంతకం.

పూర్వపక్షము: బర్క్‌లీ శాఖవారు దీన్ని ఒప్పరు. బిల్ జాయ్ 1970ల చివర రాసిన సీ షెల్లులో ‘సెట్ నేమ్ = రవి’ అనునది సాధుపాఠము. ముందు ‘సెట్’ అనే ఆదేశం కాపలా ఉంది గనుక తరవాతి స్పేసులకు భయం లేదు. మాకు ఈ వాదమే న్యాయంగా తోస్తుంది. పైగా కిందటి ఆదేశాన్ని రెండు ఆశ్చర్యార్థకాలతో మళ్లీ పిలిచే సదుపాయం యూనిక్సుకు తెచ్చింది వీరే. ఎదుటి వంశపు బ్యాష్ దాన్ని మారుమాటాడకుండా పుచ్చుకుంది. అయితే అదే విలువ తాము నడిపే ప్రోగ్రాములకూ అందాలంటే వీరు ‘సెట్‌ఎన్వ్ నేమ్ రవి’ అంటారు. సమాన చిహ్నం ఎటు పోయిందయ్యా అంటే పలకరు.

పాఠాంతరములు: 2005 నాటి ఫిష్ షెల్లులో ‘సెట్ నేమ్ రవి’. 2006 నాటి మైక్రోసాఫ్ట్ పవర్‌షెల్‌లో ‘$నేమ్ = "రవి"’; ఇందులో స్పేసులు ఉన్నా లేకున్నా ఒకటే. వ్యాఖ్యాతకు పని కల్పించని పాఠం గనుక వదిలేస్తున్నాము.

విశేషము: స్పేసు ఒక పక్కనే పడితే? బ్యాష్‌లో ‘నేమ్ =రవి’ అంటే మళ్లీ నేమ్ కోసం వెతుకులాటే. ‘నేమ్= రవి’ మరీ చిత్రం: ఆ ఒక్క పని మట్టుకు నేమ్‌ను ఖాళీగా ఉంచి, రవి అనే ఆదేశాన్ని నడపమని దీని అర్థం. వ్యాకరణరీత్యా నిర్దుష్టం. అందుచేత ఈసారి నేమ్ జోలికి పోదు. ‘రవి: కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది.